పరికరం తానే అయినప్పుడు: ఆధునిక విచ్‌క్రాఫ్ట్‌లో లోపాల లెక్క

ఆధునిక విచ్‌క్రాఫ్ట్ మతమైన విక్కా పూజల్లో, ముఖ్యంగా పౌర్ణమి రాత్రుల్లో, చదివే ఒక పాఠం ఉంది. దానికి ‘దేవి ఆదేశం’ అని పేరు. ఇప్పుడు ప్రచారంలో ఉన్న రూపాన్ని 1950లలో ఇంగ్లండ్‌కు చెందిన డొరీన్ వాలియెంటే రాశారు. తనను వెతుక్కుంటూ వచ్చినవారికి దేవి చివర్లో చెప్పే మాట సారాంశం ఇది: నువ్వు వెతికేది నీలోపల దొరకకపోతే బయట ఎన్నటికీ దొరకదు. ఏ సంప్రదాయంలోనైనా వినిపించే మాటే కదా అనిపిస్తుంది. కానీ కొవ్వొత్తులు, మూలికలు, ముడులు వేసిన తాళ్లు, వృత్తాలు, దిక్కుల దేవతలు ఇంత సరంజామా పోగేసుకున్న సాధన చివరికి ఈ మాట దగ్గర ఆగడం కాస్త విచిత్రమే. బయటి ప్రపంచాన్ని మార్చడానికి బయలుదేరిన విద్య లోపలికి ఎందుకు తిరిగింది?

జవాబు నీతిలో కంటే పనితీరులో దొరుకుతుంది. ఈ సాధనలో కత్తి, గిన్నె, దండం అన్నీ గుర్తులే. వాటంతట అవి ఏమీ చేయవని సాధకులే చెబుతారు. పనిచేసేవి మనిషి సంకల్పం, ఊహ, ఆ క్షణంలో అతనిలో ఉప్పొంగే భావావేశం. సంకల్పానికి అనుగుణంగా చైతన్యంలో మార్పు తెచ్చే కళే మంత్రవిద్య అన్న నిర్వచనం బ్రిటిష్ సాధకురాలు డయన్ ఫార్చ్యూన్ (1890–1946) పేరు మీద వాడుకలో ఉంది. దాన్ని ఒప్పుకుంటే మరో సంగతి కూడా ఒప్పుకోక తప్పదు: అసలు పరికరం సాధకుడే. వడ్రంగి ఉలి మొద్దుబారితే ఆ సంగతి చెక్క చెబుతుంది. ఇక్కడ ఉలీ అతనే, చెయ్యీ అతనే, ఒక్కోసారి చెక్క కూడా అతనే.

ఉద్యోగంలో పైమెట్టు కోరుతూ ఒక వ్యక్తి కొవ్వొత్తి వెలిగించి కూర్చున్నాడనుకుందాం. కోరికను కాగితం మీద స్పష్టంగానే రాసుకున్నాడు. కానీ కళ్లు మూసుకున్న ప్రతిసారీ కనిపిస్తున్నది కొత్త హోదా కాదు, ఆ హోదాకు పోటీ పడుతున్న సహోద్యోగి ముఖం. ఆ అరగంటా అతను పెంచి పోషించింది అసూయను. మంత్రానికి శక్తి ఉందని నమ్మేవారి లెక్కలో బయటికి వెళ్లింది కూడా ఆ అసూయే. నమ్మనివారి లెక్కలో, అతను తన అసూయకు అరగంటసేపు కసరత్తు చేయించాడు. ఏ లెక్క ప్రకారం చూసినా నష్టపోయింది అతనే. కాబట్టి మంత్రం పనిచేస్తుందా లేదా అన్న వాదాన్ని తేల్చకుండానే ఈ విషయాన్ని పరిశీలించవచ్చు.

మాటల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ‘మంత్రగత్తె’, ‘చేతబడి’ అనే తెలుగు మాటల వెంట వచ్చే భయమూ అనుమానమూ ఇక్కడ దారి తప్పిస్తాయి. ఈ వ్యాసం మాట్లాడుతున్నది 20వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో రూపుదిద్దుకుని, అమెరికాకూ ఇతర దేశాలకూ పాకిన ఒక మత సాధన గురించి. 1735 నాటి మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయింది. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి విరమించిన జెరాల్డ్ గార్డ్‌నర్ 1954లో ఈ సాధనను పుస్తకరూపంలో లోకం ముందు పెట్టారు. ‘ఆత్మజ్ఞానం’ అనే మాటతోనూ చిక్కే. అది వినగానే మనసు వేదాంతం వైపు పోతుంది. ఇక్కడ కావలసింది అంత ఎత్తులో లేదు. నాకు కోపం ఎప్పుడు వస్తుంది, ఎవరి మీద వస్తుంది, ఏ పొగడ్తకు లొంగిపోతాను, ఏ పనిని పదేపదే వాయిదా వేస్తాను: ఈ చిట్టా తెలిసి ఉండటమే ఇక్కడ తన్ను తాను ఎరగడం.

విక్కాలో అందరూ చెప్పే ఒకే ఒక్క నియమం కూడా ఈ చిట్టా లేకుండా నడవదు. ఎవరికీ హాని చేయకుండా నీ సంకల్పం నెరవేర్చుకో అన్న, ఇంగ్లిషులో ఎనిమిది మాటల సూత్రాన్ని వాలియెంటే 1964లో ఒక విందు ప్రసంగంలో వినిపించారు. అప్పటి నుంచి చర్చంతా మొదటి సగం మీదే: ఏది హాని, మొక్కను కోస్తే హానా, ఆత్మరక్షణ హానా. రెండో సగాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నిజానికి కష్టమైన ప్రశ్న అక్కడే ఉంది. నీ సంకల్పం ఏది? పొద్దున కలిగి సాయంత్రానికి చల్లారేది సంకల్పమా? ఇంకొకరిని చూసి పుట్టింది నీదేనా?

మూలకాల పద్దు

తనలోని లోపాలను రాసి లెక్కకట్టే అలవాటు విచ్‌క్రాఫ్ట్ సొంతంగా కనిపెట్టింది కాదు. యూరప్ మంత్రసాధకుల నుంచి అరువు తెచ్చుకున్నది. ఫ్రాన్సుకు చెందిన ఎలిఫస్ లెవీ 1850లలో సాధకుడికి నాలుగు లక్షణాలు నిర్దేశించాడు: తెలుసుకోవడం, తెగించడం, సంకల్పించడం, మౌనం పాటించడం. తర్వాతివారు వీటిని గాలి, నీరు, నిప్పు, నేల అనే నాలుగు మూలకాలకు జతచేశారు. నేటి విచ్‌లు వృత్తం గీసి నాలుగు దిక్కులను పిలిచేటప్పుడు వెనక నిలబడి ఉండేది ఈ నాలుగే. చివరిదైన మౌనాన్ని రహస్యాలు దాచడంగా అర్థం చేసుకోవడం మామూలు. లోపాల కోణం నుంచి చూస్తే నాలుగింట్లోనూ పదునైనది అదే. చేసిన సాధనను వెంటనే నలుగురికీ చెప్పుకోవాలన్న తహతహను ఒక్క వారం అణచిపెట్టి చూసినవారికి ఆ తహతహ ఎక్కడి నుంచి పుడుతోందో అర్థమవుతుంది.

1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే మంత్రసాధకుల సంఘం ఈ మూలకాలను మెట్లుగా అమర్చింది. తనలోని ఒక్కో మూలకాన్ని తూకంలోకి తెచ్చుకుంటూ సాధకుడు పైకి వెళ్లాలన్నది ఉద్దేశం. జరిగింది వేరు. 1900 ఏప్రిల్‌లో నాయకుడు మాథర్స్‌కూ లండన్ సభ్యులకూ చెడింది. మాథర్స్ తరఫున యువ బ్రిటిష్ సాధకుడు అలిస్టర్ క్రౌలీ ముసుగు వేసుకుని, బ్లైత్ రోడ్డులోని సంఘం గదులను స్వాధీనం చేసుకోవడానికి దిగాడు. కవి యేట్స్ ఉన్న అవతలి వర్గం అడ్డుకుంది. గొడవ పోలీసు దాకా వెళ్లింది. మూలకాల పట్టికలన్నీ కంఠతా వచ్చిన పెద్దమనుషులు గదుల తాళాల కోసం వీధిన పడ్డారు. తమలో నిప్పు ఎంత ఎక్కువైందో ఆ పట్టికలు వారికి చెప్పలేదు. వాటిలో తమ పేరు ఎక్కడుందో వారు వెతుక్కోలేదు మరి.

ఆ వెతుకులాటను పద్ధతిగా చేయించింది చెక్ సాధకుడు ఫ్రాంజ్ బార్డన్ (1909–1958). అతను విచ్ కాదు, హెర్మెటిక్ అనే పాత యూరప్ మంత్రవిద్యా మార్గంలోని వ్యక్తి. అయినా 1956లో వెలువడిన అతని సాధనా గ్రంథంలోని ‘ఆత్మ దర్పణం’ నేటి విచ్‌ల అభ్యాసాల్లోకీ చేరింది. పద్ధతి గుమాస్తా పనిలా ఉంటుంది. మొదట తనలోని లోపాలన్నీ దయాదాక్షిణ్యం లేకుండా రాయాలి. ఒక్క పూటలో ముగించకూడదు. కొన్ని రోజులు, అవసరమైతే వారాలు, గుర్తొచ్చినకొద్దీ కలుపుతూ పోవాలి. తర్వాత వాటిని నాలుగు మూలకాల కింద విడదీయాలి. కోపం, పగ, అసూయ, చిరాకు నిప్పు కిందికి వస్తాయి. తేలికతనం, గొప్పలు చెప్పుకోవడం, చాడీలు, దుబారా గాలి కిందికి. ఉదాసీనత, బిడియం, నిలకడలేమి నీటి కిందికి. బద్ధకం, మందకొడితనం నేల కిందికి. ఎందులోనూ ఇమడనివి విడిగా ఉంచవచ్చు. ఆపైన ఒక్కోదాన్ని బలాన్నిబట్టి మూడు తరగతులు చేయాలి: తరచుగా గట్టిగా పీడించేవి, అప్పుడప్పుడు కనిపించేవి, అరుదైనవి. ఇది నల్లని అద్దం. ఇదే తీరులో మంచి గుణాలకు తెల్లని అద్దం తయారు చేయాలి. రెండూ పక్కపక్కన పెడితే ఏ మూలకం పొంగిపోయిందో, ఏది అడుగంటిందో తెలుస్తుంది. ఈ పని పూర్తికానిదే తర్వాతి అభ్యాసాల జోలికి పోవద్దని బార్డన్ షరతు.

ఇందులో ఆలోచించదగ్గ తేడా ఒకటుంది. అరిషడ్వర్గం అనగానే జయించవలసిన ఆరుగురు శత్రువులు కళ్లముందు నిలుస్తారు. బార్డన్ పట్టికలో ఉన్నవి శత్రువులు కావు, తూకం తప్పిన సరుకులు. ఎక్కువైన నిప్పు కోపమైతే, సరిపడా ఉన్న నిప్పు చొరవ. చాడీలు చెప్పే నాలుకకూ పాఠం చక్కగా చెప్పే నాలుకకూ ఆధారం ఒకే గాలి. అందుకే మనిషి తన లోపాన్ని చూసి ముఖం తిప్పుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. మచ్చ అయితే దాచాలనిపిస్తుంది, కొలత తప్పితే సరిచేయాలనిపిస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. వర్గీకరణ మనిషిని కచ్చితంగా మాట్లాడమని ఒత్తిడి చేస్తుంది. ‘నాకు కోపం ఎక్కువ’ అని రాసి ఊరుకుంటే పట్టిక ముందుకు సాగదు. కింద పనిచేసేవారి మీద మాత్రమే విరుచుకుపడి, పైఅధికారి ముందు నోరు మెదపని కోపాన్ని నిప్పు కింద రాయడం అబద్ధం. దాని అడుగున ఉన్నది పిరికితనం, అది నీటి వరుసలోకి పోవాలి. ‘నేను ముక్కుసూటి మనిషిని’ అని చెప్పుకునేవారిలో కొందరి ముక్కుసూటితనం ఈ పరీక్షకు నిలవదు. నాలుగు మూలకాలు నిజంగా ఉన్నాయా అన్నది ఇక్కడ అప్రస్తుతం. కాగితం మీద నాలుగు గడులు ఉంటే, ఏ గడిలో వేయాలా అని తటపటాయించే ఆ క్షణంలోనే మనిషి తన గురించి కొత్తగా ఏదో కనుక్కుంటాడు.

పారబోయని నీళ్లు

లోపాలు తెలిశాక ఏం చేయాలి? శుద్ధి అనగానే సాధారణంగా తోచేది కడిగి పారేయడం. ఆధునిక విచ్‌క్రాఫ్ట్‌లో ఒక పాయ ఇందుకు భిన్నమైన దారి చూపింది. సాధారణ వివరణల్లో కొట్టుకుపోయే ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగడం మంచిది.

అమెరికన్ సాధకురాలు స్టార్‌హాక్ 1979లో ప్రకటించిన అభ్యాసం ఇలా సాగుతుంది. ఒక పాత్రలో నీళ్లు పోసి ఉప్పు కలుపుతారు. దాన్ని ముందు పెట్టుకుని, లోపల తిరుగుతున్న భయం, కోపం, అపరాధభావం ఊపిరితోపాటు ఆ నీటిలోకి దిగుతున్నట్టు ఊహిస్తారు. తొందరేమీ ఉండదు. లోపల ఖాళీ అయిందనిపించాక ఆ నీటిలోకి శక్తిని ఆవాహన చేసి, అది మెల్లగా వెలుగుతున్నట్టు చూస్తారు. ఇంతవరకు వింతేమీ లేదు. ఆ తర్వాత నీటిని పారబోయరు. అందులోంచి కొంచెం తాగుతారు.

ఆమె గురువుల్లో ఒకరైన విక్టర్ ఆండర్సన్ (1917–2001) నడిపిన ఫెరి అనే అమెరికన్ విచ్‌క్రాఫ్ట్ సంప్రదాయంలోనూ ఇలాంటి నీటి క్రియ ఉంది, అక్కడా ముగింపు తాగడమే. కారణం సూటిగా చెబుతారు. కోపంలో చిక్కుకుని ఉన్నది కూడా సాధకుడి సొంత ప్రాణశక్తే. దాన్ని పారబోస్తే కోపంతోపాటు ఆ శక్తీ పోతుంది. ముడి విప్పి, శక్తిని తిరిగి ఇంట్లోకి తెచ్చుకోవాలి. రుచికి ఉప్పగా, తాగడానికి అయిష్టంగా ఉండే ఆ రెండు గుక్కలు ఒక విషయాన్ని దేహానికి నేర్పుతాయి: ఇది పరాయిది కాదు.

దీనికి మంత్రాలతో సంబంధం లేని చోట నుంచి ఒక సాక్ష్యం ఉంది. 1987లో డేనియల్ వెగ్నర్, అతని సహచరులు ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులను ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నారు. ఆలోచన వచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. అంతకన్నా ముఖ్యమైనది తర్వాత జరిగింది. ఇక ఆలోచించవచ్చు అని అనుమతి ఇచ్చాక, ముందు అణచుకున్నవారికి ఆ ఎలుగుబంటి మొదటి నుంచీ ఆలోచించిన వారికంటే ఎక్కువగా వచ్చింది. తరిమిన తలపు రెట్టింపు బలంతో తిరిగొస్తుందని నీటి క్రియ రూపొందించినవారికి ప్రయోగశాల చెప్పనవసరం లేకపోయింది.

ఫెరి సంప్రదాయంలోనే ‘ఇనుప పంచకోణం’ అనే ధ్యానం ఉంది. దాని ఐదు కొనలు: కామం, గర్వం, స్వయం, శక్తి, ఆవేశం. దుర్గుణాల జాబితాలో చూడటానికి అలవాటుపడ్డ మాటలు ఇక్కడ సాధనకు మూలధనంగా నిలబడతాయి. ఒక్కో కొనను దేహంలో ఒక్కో చోట తలచుకుంటూ, అది తుప్పు పట్టిందా, లేక పైపూత పూసుకుని మెరుస్తోందా అని కొందరు సాధకులు పరిశీలిస్తారు. పూత పూసిన గర్వం డాంబికం. తుప్పు పట్టిన గర్వం ఆత్మనింద, ఎవరి ముందైనా ఒదిగిపోయే గుణం. లోపాల గురించి మాట్లాడే సంప్రదాయాలు చాలావరకు మొదటిదాన్నే పట్టుకుంటాయి. అణిగిమణిగి ఉండమని చిన్నప్పటి నుంచీ నూరిపోసిన మనిషికి మరింత వినయం బోధించడం దాహంతో ఉన్నవాడికి ఉప్పు పెట్టడమే. స్త్రీవాద ఉద్యమంతో చేయి కలిపి పెరిగిన ఈ పాయ రెండోదాన్ని కూడా లోపమేనని చెప్పింది, తన వంతుగా అది చిన్న పని కాదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సామెత. దానికి ఎదురు నిలబడిన సాధనల్లో 1970ల చివర ఇంగ్లండ్‌లో తలెత్తిన ‘ఖేయాస్ మేజిక్’ అనే మంత్రవిద్యా శాఖ ఒకటి. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పీటర్ కారల్ తన తొలి అభ్యాస క్రమంలో, నిశ్చలంగా కూర్చోవడం, ఊపిరి గమనించడం, ఆలోచన ఆపడం వంటివాటి పక్కనే స్వభావాన్ని మార్చుకునే అభ్యాసాన్నీ పెట్టాడు. అక్కడి సలహా వినయంగా ఉంటుంది: పెద్ద దుర్గుణం మీద యుద్ధం ప్రకటించకుండా చిన్న అలవాటుతో మొదలుపెట్టు. దురాశను జయిస్తానని ప్రతిన పూనినవాడు మూడో రోజుకే ఓడిపోతాడు. నడిచే తీరునో, మాట మధ్యలో అడ్డుపడే అలవాటునో మార్చుకోబోయినవాడికి, అంత చిన్నదానికే మనసు ఎన్ని సాకులు చెబుతుందో కనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో సమీక్షించిన అధ్యయనాలదీ ఇదే దిశ: ‘ఓపికగా ఉంటాను’ అనే తీర్మానం కంటే ‘ఫలానా సందర్భం ఎదురైతే ఫలానా పని చేస్తాను’ అనే ముందస్తు నిర్ణయం ఎక్కువగా అమలవుతుంది. తాడుకు ముడి వేస్తూ అలాంటి ఒక వాక్యాన్ని పలికి, ఆ తాడును చేతికి కట్టుకునే విచ్ తెలిసో తెలియకో ఈ పనే చేస్తోంది. ముడి వేస్తూ ‘నాకు శాంతి కలుగుగాక’ అన్నామెకు మాత్రం చేతికి తాడు ఒక్కటే మిగిలే అవకాశం ఎక్కువ.

అద్దం చూపని వైపు

ఇంతవరకు చెప్పుకున్న పద్ధతులన్నిటికీ ఉమ్మడి బలహీనత ఒకటుంది. చూసేదీ, చూడబడేదీ ఒకే మనిషి. బార్డన్ పట్టికను ఎంత నిర్దయగా రాసినా, రాసే చెయ్యి ఆ లోపాలున్నవాడిదే.

1977లో రిచర్డ్ నిస్బెట్, తిమొతి విల్సన్ ప్రచురించిన వ్యాసంలో ఒక సరదా ప్రయోగం ఉంది. నాలుగు జతల నైలాన్ మేజోళ్లను వరుసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమన్నారు. నాలుగూ అచ్చంగా ఒక్కటే. అన్నిటికంటే ఎక్కువమంది కుడి చివరి జతను ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుందనో, పలుచగా ఉందనో కారణాలు చెప్పారు. వరుసలో దాని స్థానం వల్లే ఎంచుకున్నారేమో అంటే ఒప్పుకోలేదు. తమ ప్రవర్తనకు మనుషులు చెప్పే కారణాలు చాలాసార్లు లోపలికి చూసి తెచ్చినవి కావు, అప్పటికప్పుడు అతికినట్టు అల్లినవి అన్నది ఆ వ్యాసం వాదన. మేజోళ్ల విషయంలోనే ఇలా ఉంటే, ‘ఆమెతో ఎందుకు తెగతెంపులు చేసుకున్నాను’ అన్న ప్రశ్నకు దినచర్యలో రాసుకున్న జవాబును ఎంతవరకు నమ్మవచ్చు?

ఇప్పుడు విచ్‌క్రాఫ్ట్ వర్గాల్లో బాగా చెలామణీలో ఉన్న ‘నీడ పని’కి ఈ ప్రశ్న సూటిగా తగులుతుంది. నీడ అనే భావన స్విస్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ (1875–1961) నుంచి వచ్చింది. మనిషి తనది కాదనుకుని వెలివేసిన గుణాల మొత్తం అది. అందులో చెడ్డవే ఉండనవసరం లేదు, బతకనివ్వని మంచీ ఉంటుంది. నీడ తనంతట తాను లోపల కనిపించదని, ఎదుటివాడి మీద పడినప్పుడే కనిపిస్తుందని యూంగ్ అభిప్రాయం. ఫలానా మనిషిని చూస్తే కారణం లేకుండా ఒళ్లు మండటం దాని ఆనవాళ్లలో ఒకటి. యూంగ్ పద్ధతిలో ఈ పని ఇద్దరు మనుషుల మధ్య, ఏళ్ల తరబడి జరిగే సంభాషణ. దాన్ని ముప్పై ప్రశ్నల పట్టికగా కుదించి, నల్ల కొవ్వొత్తి పక్కన ఒంటరిగా జవాబులు రాసుకుంటే వచ్చేది ఎక్కువగా ఆత్మకథ. ఆత్మకథలో కథానాయకుడికి లోపాలు కూడా అందంగానే ఉంటాయి: ‘నేను అతిగా ప్రేమిస్తాను’, ‘అందరినీ నమ్మేస్తాను’. పట్టిక మొదటి వరుసలో ఇలాంటివి కనిపిస్తే అది ఇంకా మొదలుకాలేదని అర్థం. లోతైన గాయాలున్నవారికి ఈ ఒంటరి తవ్వకం హాని కూడా చేయవచ్చు. వారికి కావలసింది శిక్షణ ఉన్న చికిత్సకులు, కొవ్వొత్తి కాదు.

ఈ సాధనకే ప్రత్యేకమైన మరో తప్పించుకునే దారి ఉంది. వరుసగా పనులు చెడితే ఎవరో తన మీద ప్రయోగం చేశారనుకోవడం. ఒకసారి అలా అనుకున్నాక ప్రతి తలనొప్పీ దానికి రుజువవుతుంది, ఎవరి మీద కక్ష ఉందో ఆ మనిషి ముఖమే దానికి అతుక్కుంటుంది. అనుభవజ్ఞులు ఇలాంటి ఫిర్యాదు వినగానే ముందు నిద్ర, ఆరోగ్యం, డబ్బు, తగాదాల గురించి అడగడం ఇందుకే.

1980లలో లండన్ మంత్రసాధకుల మధ్య తిరిగి, వారి సంఘాల్లో చేరి, 1989లో అధ్యయనం ప్రచురించిన మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ ఈ క్రమాన్ని దగ్గర నుంచి చూశారు. మామూలు చదువు, మామూలు ఉద్యోగాలు ఉన్నవారు ఒక్కరోజులో నమ్మకస్తులు కారు. సంఘటనలను అర్థం చేసుకునే తీరు కొద్దికొద్దిగా జరుగుతూ పోతుంది. ఏవి గమనించాలి, ఏవి కలపాలి, ఏవి మరచిపోవాలి అన్నవి మారతాయి. తన గురించి తాను చెప్పుకునే కథ కూడా ఇలాగే జరిగిపోతుంది, ఏ ఒక్క రోజూ అబద్ధం ఆడకుండానే.

దీనికి విరుగుడు ఈ సంప్రదాయంలోనే ఉంది, అయితే అది ఆకర్షణీయంగా ఉండదు. క్రౌలీకి వందల లోపాలున్నా, సాధకుడు రోజువారీ నమోదు పుస్తకం రాయాలన్న పట్టుదలలో మాత్రం అతను రాజీపడలేదు. తేదీ, వేళ, ఒంటి పరిస్థితి, మనసు పరిస్థితి, చేసిన పని, ఫలితం. ఈ పుస్తకానికి విలువ అనుభూతుల వర్ణన వల్ల రాదు, ఫలితం తెలియకముందే అంచనా రాసి ఉంచడం వల్ల వస్తుంది. ‘నేను అప్పుడే అనుకున్నాను’ అనే వెసులుబాటు పోతుంది. అమ్మకానికి దొరికే అందమైన తోలు అట్టల పుస్తకాల కంటే ఈ చిత్తు పద్దుకే సాధకుడిని మార్చే సత్తా ఎక్కువ.

రెండో విరుగుడు ఇంకొకరి కళ్లు. కోవెన్ అనే చిన్న బృందం ఉన్నది పండుగలు కలిసి చేసుకోవడానికే కాదు. చాలా బృందాలు దీక్షకు ముందు ఏడాదీ ఒక రోజు గడువు పెడతాయి. ఆ కాలంలో కొత్తవారు సాధనను చూస్తారు, పాతవారు కొత్తవారిని చూస్తారు. గార్డ్‌నర్ సంప్రదాయపు రెండో దీక్షలో దేవి పాతాళానికి దిగే కథను ప్రదర్శిస్తారు. ద్వారం దగ్గర ఆమె తన వస్త్రాలు, ఆభరణాలు విడిచి లోపలికి పోవాలి. దీనికి పోలిక సుమేరియన్ల ఇనాన్నా కథలో ఉంది: ఏడు ద్వారాలు, ఒక్కో ద్వారం దగ్గర కిరీటం నుంచి రాజవస్త్రం దాకా ఒక్కోటి వదలడం. అధికారం పెరిగే మెట్టు మీదే అలంకారాలు తీసేయించే కథ పెట్టడం యాదృచ్ఛికం అనిపించదు.

కథ ప్రదర్శించినంత మాత్రాన అలంకారాలు ఊడవు. అందుకు గార్డ్‌నరే ఉదాహరణ. 1953లో దీక్ష తీసుకున్న వాలియెంటే, అతను ప్రాచీనమని ఇచ్చిన పాఠాల్లో క్రౌలీ వాక్యాలను గుర్తుపట్టి ముఖం మీదే చెప్పారు. నువ్వు ఇంకా బాగా రాయగలనంటే రాయి అన్నాడాయన. ఆమె రాశారు. దేవి ఆదేశం నేటి రూపం అలా వచ్చిందే. విమర్శను అంత తేలిగ్గా తీసుకున్న అదే మనిషి పత్రికల్లో కనపడాలన్న మోజు దగ్గర తడబడ్డాడు. 1957లో వాలియెంటే, మరికొందరు ప్రచారానికి హద్దులు పెట్టే నియమాలు ప్రతిపాదించారు. నియమాలు అక్కర్లేదు, పూర్వం నుంచీ ఉన్నాయి అంటూ అంతవరకు ఎవరూ చూడని ‘ప్రాచీన శాసనాలు’ బయటికి తీశాడు గార్డ్‌నర్. వయసు మీదపడ్డ పూజారిణి పడుచు పూజారిణికి హుందాగా చోటివ్వాలన్న శాసనం కూడా వాటిలో ఉంది. వాలియెంటేకు అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఆమె తన వారితో కలిసి బయటికి నడిచారు. ఒక మనిషి బలహీనత తన పేరుతో రాకుండా పూర్వీకుల పేరుతో వస్తే ఎలా ఉంటుందో చూడటానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం దొరకడం కష్టం.

సాధన పెరిగేకొద్దీ అహం తగ్గుతుందన్న భరోసా కూడా నిలవదు. నెదర్లాండ్స్ పరిశోధకులు రూస్ వాంక్, అనూక్ విసర్ 2020లో ఆధ్యాత్మిక ఆధిక్యభావాన్ని కొలిచే ప్రశ్నావళితో రకరకాల శిక్షణలు పొందేవారిని పోల్చారు. ప్రభామండలాలు చదవడం వంటి శక్తి సాధనల్లో ఉన్నవారిలో ఆ భావం అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. అలాంటివారే ఆ శిక్షణల వైపు వస్తారా, శిక్షణే అలా చేస్తుందా అన్నది ఆ పోలికతో తేలేది కాదు. ఏదైనా, లోపాలు కడుక్కున్నానన్న నమ్మకమే పట్టికలో చేర్చవలసిన కొత్త లోపం కావచ్చు. బార్డన్ గడుల్లో అది గాలి కిందికి వస్తుంది.

బృందాల్లో దీని వికృతరూపం ఒకటుంది. శిష్యురాలు గురువును ప్రశ్నిస్తుంది. ‘అది నీ నీడ మాట్లాడుతోంది’ అని జవాబు వస్తుంది. తనను తాను ఎరగడానికి పుట్టిన పదజాలం ఎదుటివారి నోరు మూయించే కర్రగా మారడానికి ఆ ఒక్క వాక్యం చాలు. డబ్బు, శృంగారం, సొంత నిర్ణయాలు వంటి విషయాల్లో నాయకుడి అదుపు ఎంతుందో మార్కులు వేసి చూసుకునే కొలబద్దను క్రైస్తవానికి ముందరి మతాలను తిరిగి పాటించే నియోపేగన్ వర్గానికి చెందిన అమెరికన్ రచయిత ఐజాక్ బోన్‌విట్స్ 1979లోనే ప్రచురించాడు. నీడ గురించి మాట్లాడే బృందంలో నాయకుడి నీడ గురించి మాట్లాడే వీలుందా అన్న ప్రశ్న ఒక్కటి వేసుకున్నా చాలావరకు తేలిపోతుంది.

చాలామంది విచ్‌లకు అక్టోబర్ 31 రాత్రి వచ్చే సావిన్ పండుగ ఏడాది మలుపు. ఒంటరిగా సాధన చేసేవారిలో కొందరు ఆ రాత్రి పాత నమోదు పుస్తకాలు తీసి చదువుతారు. మూడేళ్ల పుస్తకాల్లో ఒకే మనిషి మీద ఒకే ఫిర్యాదు, దాదాపు అవే మాటల్లో, మూడుసార్లు దొరికితే ఇక ఆ మనిషిని తప్పుపట్టడం కష్టమవుతుంది. ఇది ఎలా పోతుంది అనే ప్రశ్న పక్కకు జరిగి, ఇది ఏ రోజుల్లో వస్తోంది అని తేదీల వైపు చూపు మళ్లుతుంది. నెలాఖరు. నిద్ర లేని రాత్రి తర్వాతి పొద్దు. ఫలానావారి ఫోను వచ్చిన సాయంత్రం. కొత్త పుటలో మళ్లీ గీతలు గీసి గడులు వేస్తారు. ఈసారి పైన మూలకాల పేర్లుండవు, వారాల పేర్లుంటాయి.